నాలుగో వంతు

వంతెన కొట్టుకుపోయిన వరద ఏడాది సంగతి ఇది. నేనప్పుడు ప్రభుత్వ బియ్యం గోదాములో హమాలీల మేస్త్రీని.

నీళ్లు తీశాక బస్తాలన్నీ మళ్లీ పేర్చాం. తడిసిన బస్తా జారుతుంది. అందుకని పొడివి బయటి వరసలో, తడివి లోపల పెట్టడం మా అలవాటు. మూడు ముఠాలు ఆదరాబాదరాగా చేశాయి. ఎన్ని తడిశాయో ఎవరూ లెక్కపెట్టలేదు. నేనూ పెట్టలేదు.

పదో రోజున రాజధాని నుంచి ఆఫీసరు వచ్చాడు. చిన్నవాడే. కళ్లు గుంటలు పడ్డాయి. బస్తాల్లో ఇనుప గొట్టం గుచ్చి, గింజలు అరచేతిలో పోసుకుని చూశాడు. తెల్లగా, పొడిగా ఉన్నాయి. బాగానే ఉందే అన్నాడు. ఊరుకుందామనుకున్నాను. అక్క గుర్తొచ్చింది. అక్కా, ఆమె ముగ్గురు మనవలూ కార్డు బియ్యం మీదే బతుకుతున్నారు. ఉన్నాయనుకుని పంచేస్తే వానాకాలం నడుమ మొత్తానికే ఆగిపోతాయి. లోపల తడివి ఉన్నాయని చెప్పాను.

అతను పక్కనున్న బస్తా మీద కూలబడ్డాడు.

"ఎంత పోయుంటుంది పెద్దాయనా?"

"విప్పితే గానీ తెలీదయ్యా. నాలుగు రోజులు పడుతుంది."

"ఇవాళ నాలుగింటికల్లా రాజధానికి ఫోన్లో చెప్పాలి. మిగతా పదకొండు గోదాములకీ దారే లేదు. ఇక్కడెంతో అక్కడా అంతే అనుకుంటారు. కార్డుకి ఎంతివ్వాలో దాన్నిబట్టే తేలుస్తారు."

తెలీదనే చెప్పమన్నాను. తను నింపాల్సిన కాగితంలో తెలీదని రాయడానికి గడి లేదన్నాడు. నవ్వలేదు.

బస్తాల గుట్ట చుట్టూ ఒకసారి తిరిగాను. వాసన చూశాను. నడుం పట్టేసి కాసేపు గోడకి ఆనుకున్నాను.

"నాలుగో వంతు" అన్నాను.

రాసుకున్నాడు.

పొద్దుగూకే వేళ అక్కింట్లో అన్నం తింటున్నాను. కార్డు బియ్యంలో నాలుగో వంతు కోత అని రేడియో చెప్పింది. అక్క చేటలో బియ్యం ఏరుతోంది.

"ఏ మహానుభావుడు కూర్చుని లెక్కేశాడోరా. వాడికి పిల్లల్లేరు కాబోలు."

నిజమే, నాకు లేరు. తల వంచుకుని తినేశాను.

మర్నాడు ఎవరూ చెప్పకుండానే, ముఠా రాకముందే వెళ్లి కాపలావాడి చేత తలుపు తీయించాను. మొదటి గుట్ట బయటి వరస దించడం మొదలుపెట్టాను. పొడిది ఓ పక్క, తడిది ఓ పక్క.