అక్క కూర సరిచేశాను

వంటవాడికి సెలవు దొరికితే ఏం తింటాడో తెలుసా? ఇంకొకళ్లు వండింది తింటాడు. ఒక పెద్ద హోటల్లో ఇరవై మంది వంటవాళ్ల మీద అరవడం నా ఉద్యోగం. సోమవారం సెలవు. ఆ రోజు ఇంట్లో పొయ్యి ముట్టను. ఏడాదిగా నా సోమవారాలన్నీ ఊళ్లో ఉన్న హోటళ్లకు వెళ్లి తినడానికీ, తిన్నదానికల్లా వంకలు పెట్టడానికీ సరిపోయాయి. అక్క మాత్రం ఫోన్ చేసినప్పుడల్లా "ఒక్కపూట భోజనానికి రారా" అనేది. చివరికి ఒక సోమవారం వెళ్లాను. నన్ను పెంచిన చేయి అది. అక్క వంటకు వంక పెట్టే మొనగాడు ఇంకా పుట్టలేదని నలుగురిలో గొప్పలు పోయేవాణ్ణి.

నేను వెళ్లేసరికి అక్క స్నానానికి వెళ్లింది. పొయ్యి మీద బంగాళాదుంప కూర ఉడుకుతోంది. మూత తీసి, కాస్త అరచేతిలో వేసుకుని రుచి చూశాను. చప్పగా ఉంది. చేయి ఊరుకుంటుందా? ఉప్పు, చిటికెడు కారం, అరచెక్క నిమ్మకాయ. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. ఉద్యోగంతో వచ్చిందీ అంతే.

భోజనాల దగ్గర బావ మొదటి ముద్దకే కళ్లు పెద్దవి చేశాడు.

"అబ్బ! ఏం చేశావే ఇవాళ? కూర అదిరిపోయింది!"

అక్క మొహం వెలిగిపోయింది. అప్పుడైనా నోటికి తాళం వేసుకోవచ్చుగా? నేనా!

"అదిరిపోదా మరి? ఉప్పూ పులుపూ సరిచేసింది నేను."

అక్క చేయి పళ్లెంలోనే ఆగిపోయింది. బావ వైపు చూసింది.

"మరి రోజూ బాగుందంటారేంటి?"

బావ తేలు కుట్టిన దొంగలా నీళ్ల గ్లాసు అందుకున్నాడు. అక్క కూర గిన్నె మీద మూత పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

చేతులు కడుక్కుంటుంటే బావ పక్కకొచ్చాడు.

"నిరుడు జ్వరం వచ్చినప్పట్నుంచి దానికి రుచి తెలియట్లేదోయ్. నేను బాగుందంటే ఆ ధైర్యంతోనే వండుతోంది. నా కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరు చేశావు."

"నాకొక మాట చెప్పొచ్చుగా బావా!"

"నువ్వొస్తే కదా చెప్పడానికి."

సిగ్గుతో చచ్చిపోయాను. ఒక్క సోమవారం ముందొచ్చి ఉన్నా తెలిసేది.

మళ్లీ సోమవారం పిలవకుండానే వెళ్లాను. వంటింట్లో పొయ్యి వెలిగించిన జాడ లేదు. బల్ల మీద మా హోటల్ పొట్లాలున్నాయి.

"మీ హోటల్‌దేరా. ఇందులో నువ్వు సరిచేసేదేం ఉండదుగా" అంది అక్క, కోపం లేకుండానే. నాలుగు తిట్టినా బాగుండేది.

తిన్నాను. మావాళ్లు ఉప్పు కొలిచినట్టే వేశారు. అయినా సగంలోనే పళ్లెం పక్కకు జరిపాను.

"ఎలా ఉందిరా?"

"నీ కూరంత బాగాలేదక్కా. నిజంగా చెప్తున్నా."

ఎన్ని వేల పళ్లేలకు తీర్పు చెప్పానో, ఇంత నిజం ఏనాడూ చెప్పలేదు.

అక్క నవ్వింది. బావ వైపు తిరిగి, "చూశారా, వీడికీ నేర్పేశారు" అంది.