లింగప్ప గొర్రెపిల్లకు పూసిన నూనె

ఇంకొంచెం దగ్గరికి జరుగమ్మా హేమావతీ, నా గొంతు మునుపటిలా దూరం పోదు. నిమ్మగడ్డి నూనె గురించి అడిగావు కదా. ఆ నూనె మంచిదే. కానీ దాని మంచి చెప్పబోతే నాకు లింగప్పే గుర్తొస్తాడు.

వరుసగా వానలు తప్పిన ఏళ్లవి. వేరుశనగ వేస్తే విత్తనాలు కూడా తిరిగి రాలేదు. అప్పుడు నల్లమాడ పక్కన మా ఊరి ఆడవాళ్లం కలిసి బీడు నేలలో నిమ్మగడ్డి నాటాం. కోసిన గడ్డిని ఇనుప డ్రమ్ములో కుక్కి కింద మంట పెడితే, ఆవిరి గొట్టంలోంచి చన్నీళ్ల తొట్టి దాటి బొట్లు బొట్లుగా దిగేది. నీళ్ల మీద పసుపుగా తేలేదే నూనె. ఆ పని మాకు నేర్పింది మాలో అందరికంటే చిన్నదైన చౌడేశ్వరి. ఇది పుండుకు చీము పట్టనివ్వదనీ, ఈగల్ని రానివ్వదనీ, ఉత్త నూనె పూస్తే మాత్రం చర్మం మండుతుందనీ చెప్పేది. గోరుచుట్టుకూ, గొర్రెల గిట్టల పుండ్లకూ వేరుశనగ నూనెలో కలిపి రాసేవాళ్లం. మానేవి కూడా.

లింగప్ప మా వెనకింట్లో ఉండే గొర్రెల కాపరి. అతని భార్య ఓబమ్మ పెళ్లినాడు పుట్టింటి నుంచి ఒక గొర్రెను తోలుకొచ్చింది. మంద మొత్తం దాని సంతతే. ఓబమ్మ జ్వరంతో పోయింది. మంద కరువుకు సంత పాలైంది. చూలుతో ఉన్న ముసలి గొర్రె ఒక్కటే మిగిలింది.

"ఆడపిల్ల పుడితే సాలక్కా, ఓబి ఇంట్లోనే ఉండాదనుకుంటా" అనేవాడు.

ఆడపిల్లే పుట్టింది. రెండు మూడు రోజులకే బొడ్డు వాచి చీము పట్టింది. ఈగలు ముసిరాయి. లింగప్ప నూనె బట్టీ దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

"పాపా, ఆ నూనె రోంత ఇయ్యి."

"ఇస్తా గానీ మామా, నాలుగు చుక్కలు శెనక్కాయ నూనెలో కలిపి బొడ్డుకు మాత్రమే పూయల్ల" అంది చౌడేశ్వరి. "నీది అసలే పెద్ద చెయ్యి."

"ఏం పాపా, నేనేమన్నా తిరగవాత పెట్టుకునేదానికి అడుగుతాండానా?"

అందరం నవ్వాం.

మేపడం మగవాళ్ల పని. ఈనిన గొర్రెనూ పిల్లనూ చూసుకోవడం ఆడవాళ్ల పని. లింగప్ప వయసంతా గుట్టల్లో తిరిగాడే కానీ, పసి గొర్రెపిల్లను ఒళ్లో పెట్టుకున్నది లేదు. బొడ్డుకు పూశాడు. ఈగ వీపు మీద వాలితే వీపుకు పూశాడు. ఆ ప్రేమలో చెవుల నుంచి తోక దాకా పూసేశాడు.

చీము ఆరిపోయింది. తల్లి మాత్రం పిల్లను వాసన చూసి తలతో నెట్టేసింది. గొర్రె తన బిడ్డను ముక్కుతోనే కదా గుర్తుపట్టేది!

"నీ బిడ్డేనే! సరిగ్గా సూడే ముండా!" అని అరిచాడు, బతిమాలాడు. గుంజకు కట్టి పొదుగు అందిస్తే అది కాలెత్తి తన్నింది. పిల్లను గోరువెచ్చని నీళ్లతో తుడిచాం, తల్లి పాలు పిండి ఒంటికి రాశాం. నిమ్మగడ్డి వాసన వాటిని మించి లేచింది. ముసలి పొదుగులో పిండితే గుక్కెడు కూడా రాలేదు. టీ అంగడి నుంచి ఆవుపాలు తెచ్చి పట్టాం. అవి అరగక పారుకుని పారుకుని పిల్ల నీరసించి, ఒక పొద్దున తల వాల్చేసింది.

"ఓబి ఉండింటే ఇట్ల కానిచ్చేది కాదు గదక్కా" అన్నాడు లింగప్ప.

పిల్లను దొడ్డిలో గోనె మీద పెట్టి, గుంత తీయడానికి వెళ్లాడు. ఆ రోజు గాలి గట్టిగా వీస్తోంది. తిరిగొచ్చేసరికి తల్లి గొర్రె గోనె దగ్గర నిలబడి పిల్లను నాకుతోంది. సన్నగా గొంతులోనే పిలుస్తోంది. నూనె వాసన అప్పటికి వదిలింది.

నేను పిల్లను తీయబోతే లింగప్ప చెయ్యి అడ్డం పెట్టాడు. "ఉండనీక్కా. కడుపారా నాకనీ." పార పక్కన పెట్టి, అది చాలించే దాకా అక్కడే కూర్చున్నాడు.

రేపు నువ్వెవరికైనా ఈ నూనె ఇస్తే, పుండు మానుతుందని చెప్పు, అది నిజం. పాలు తాగే పిల్లకు మాత్రం ఒళ్లంతా పూయొద్దనీ, తల్లి ముక్కుకు బిడ్డ వాసన అందాలనీ కూడా చెప్పు. ఎందుకని అడిగితే లింగప్ప పేరు చెప్పి, ఇదంతా మొదటి నుంచీ చెప్పు తల్లీ. మర్చిపోవద్దు.