ద్వారపాలకుడి బేరం

పుణెకు బయలుదేరిన తెల్లవారుజామున వీరేష్ చేతిలో ఉన్న పెట్టుబడి ఇంతే: వెండిరంగు కాగితం అంటించిన ఒక ఈటె, దానికంటే బరువైన ఒక అబద్ధం. ఈటెను టెంపోలో ఒక మూలకు ఆనించాడు. అబద్ధాన్ని ఎక్కడ ఆనించాలో తెలియక ఒళ్లోనే పెట్టుకుని కూర్చున్నాడు.

నాటకంలో తనకు మాటలున్నాయని ఇంట్లో చెప్పాడు. లేవు. కాలేజీ బృందం పుణె పోటీలో వేస్తున్న మరాఠీ ఏకాంకికలో అతను ద్వారపాలకుడు. తెర లేచినప్పటి నుంచి పడేదాకా రాజుగారి గుమ్మం పక్కన ఈటె పట్టుకుని నిలబడాలి. ముక్కు మీద ఈగ వాలినా దాని ఇష్టానికి వదిలేయాలి.

పదహారేళ్ల వీరేష్ తనను తాను గట్టి బేరగాడిననుకునేవాడు. షోలాపూర్‌లో తాముండే నీలం నగర్‌లో తన పగిలిన బ్యాటును పక్క గల్లీ పిల్లాడికి అంటగట్టి, బదులుగా వాడి పావురాన్ని తెచ్చుకున్న ఘనుడు. పావురం మర్నాడే ఎగిరి పాత ఇంటికి వెళ్లిపోయింది. ఆ సంగతి మాత్రం అతను లాభనష్టాల్లో కలుపుకోడు.

ఇంటి వెనక షెడ్డులో నాలుగు పవర్‌లూములు టవళ్లు నేస్తాయి. తండ్రి మల్లప్పే వాటికి యజమాని, పనివాడు, ఊరూరా తిరిగి అమ్మేవాడు. మూట లేకుండా ఆయన షోలాపూర్ పొలిమేర దాటగా చూసినవాళ్లు లేరు. తుల్జాపూర్ దర్శనానికి వెళితే, ఇంట్లోవాళ్లు కొబ్బరికాయ కొట్టి వచ్చేలోపు లాడ్జి మేనేజరుకు టవళ్లు అంటగట్టేవాడు. పంఢర్‌పూర్‌లో విఠలుడి వరుసలో నిలబడి, ముందున్న మనిషి భుజం మీది తువ్వాలను వేళ్లతో నలిపి, "ఇది రెండు ఉతుకులకు పోతది కాకా" అని బేరం మొదలుపెట్టాడు. సిద్దిపేటలో చుట్టాల పెళ్లికి ఇంటిల్లిపాదీ చద్దర్ల మీద కూర్చుని వెళ్లారు, నూలు పెట్టెల మధ్య ఇరుక్కుని తిరిగొచ్చారు. వెళ్లేటప్పుడు సరుకు, వచ్చేటప్పుడు నూలు. వీరేష్ చిన్నప్పటి విహారయాత్రలన్నిటికీ నూలు వాసనే.

నాటకాలకూ వెళ్లేవారు. అది నాయినమ్మ యమునాబాయి కోసం. ఆమెకు నాటకమంటే ప్రాణం, వినపడదు మాత్రం. వయసంతా మగ్గాల పక్కన కూర్చుని కండెలు చుట్టడంతో చెవులు ఎప్పుడో పోయాయి. నటులు ఇంట్లోవాళ్లలా పెదవులు సాగదీసి మాట్లాడరు కాబట్టి, స్టేజీ మీది చీరలు, చేతులూపడం చూసి కథ తనే అల్లుకుని, పక్కనున్న కోడలు, వీరేష్ తల్లి ద్రౌపది చెవిలో గుసగుసగా చెప్పేది. ఆ గుసగుస బాల్కనీకి వినపడేది. ఒకసారి కథానాయకుడి తల్లిని దొంగనుకుని, "నగలు గా ముసల్దే తీసింది, పట్టున్రి!" అంటే స్టేజీ మీది తల్లి నిజంగానే కొంగు దులిపి చూపించింది.

అసలు వాళ్ల ఇంట్లో మాట్లాడే పద్ధతులు రెండే. మగ్గాలు ఆడుతుంటే ఎంత అరిచినా వినపడదు కాబట్టి పెదవులు కదిపి, చూసి అర్థం చేసుకోవడం. మగ్గాలు ఆగితే కేకలు. మధ్యరకం సరుకు ఆ ఇంట్లో నిల్వ ఉండేది కాదు. పాత్రలు పంచేరోజు డైరెక్టర్ అక్షయ్ సర్ "మహారాజ్ అను చూద్దాం" అంటే వీరేష్ అన్నాడు. కింద చాయ్ బండివాడు మేడ మీదికొచ్చి ఎన్ని కప్పులని అడిగాడు. అతనికి ఈటె దక్కింది ఆ క్షణంలోనే.

ఆ ఈటెతో ఇంటికి వచ్చిన సాయంత్రమే బేరం జరిగింది.

"నీకు మాటలున్నయా?" అని మల్లప్ప అడిగాడు.

"ఉన్నయ్ బాపు."

"ఎన్ని?"

"బొచ్చెడు."

"అయితే అందరం వస్తం. మూట గూడ తేను, నీ ఇజ్జత్ కోసం. మాటలు లేకుంటే మాత్రం నాటకం బంద్. కాలేజ్ కాంగనే సీదా షెడ్డుకు రావాలె. ఊకె నిలవడేటందుకు పుణె దాంక ఎందుకురా? మన మగ్గం కాడ నిలవడు, టవలన్న తయారైతది."

మూట లేని ప్రయాణం అనేసరికి వీరేష్‌కు కళ్లు తిరిగాయి. అటువైపు సరుకు అంత బాగుంటే ఇటువైపు తన దగ్గర సరుకే లేదన్న సంగతి ఏ బేరగాడికి గుర్తుంటుంది? ఒప్పుకున్నాడు. నాటకం పోతే తనకు మిగిలేది ఏమీ లేదని ఆ రాత్రి పడుకున్నాకగానీ తట్టలేదు. ఆ మేడ మీది రిహార్సల్ గదిలో నిలబడ్డ సాయంత్రాలే అతనికి ఇష్టమైనవి. అక్కడ మగ్గం చప్పుడు లేదు. అందరూ మధ్యరకం గొంతుతో మాట్లాడుకుంటారు.

అలా టెంపో బయలుదేరింది. బృందం ముందురోజే రైల్లో వెళ్లింది. మల్లప్ప నడుపుతున్నాడు, పక్కన ద్రౌపది. వెనక సరుకు ఉండాల్సిన చోట నాయినమ్మ, అక్క ఋతుజ, వీరేష్. నాయినమ్మ నడుముకని మల్లప్ప ఎత్తుగా ఒక మెత్త అమర్చి దాని మీద చద్దర్ కప్పాడు. అమ్మోరిని ఊరేగిస్తున్నట్టుగా ఆమె దాని మీద కూర్చుంది. తండ్రికి ఉన్నట్టుండి తల్లి నడుము మీద ఇంత శ్రద్ధ ఎందుకు పుట్టిందో వీరేష్ ఆలోచించలేదు. సరుకు విప్పి చూడకుండా నమ్మడం అతనికి కొత్త కాదు.

ఋతుజకు అసలు సంగతి తెలుసు. ఆమె స్నేహితురాలే నాటకంలో రాణి. నోరు మూసుకున్నందుకు ఆమె గాలి తగిలే చోటు తీసుకుంది, వీరేష్ వాటా కడక్ భాకరీ, ఆ కరకరలాడే జొన్నరొట్టె కూడా తీసుకుంది.

"అరేయ్, మాటలు ఏడికెల్లి తెస్తవ్? దారిల టెంభూర్ణీల దొరుకుతయా?" అంది పల్లీల శేంగా చట్నీ అద్దుకుంటూ.

"నడుమ ఏదన్న ఒకటి అంట తియ్యక్క."

"నువ్వు ఒకటంటే రాజు గుండె ఆగుతది. తర్వాత రాణి ముండమోస్తది. నాటకం వేరే ఐతది."

భిగ్వణ్ దాటాక రోడ్డు బాగాలేక టెంపో డబ్బా గడగడలాడసాగింది. ఒకరి మాట ఒకరికి వినపడటం లేదు. నాయినమ్మ ఏదో అడిగింది. ఋతుజ గొంతు పెగల్చకుండా, పెదవులు మాత్రం సాగదీసి "ఇంకో రెండు గంటలు పడ్తది" అంది. నాయినమ్మ తల ఊపింది.

వీరేష్ ఒళ్లో ఉన్న అబద్ధం ఒక్కసారిగా తేలికైంది. తన ఇంట్లోవాళ్లకు మాట అంటే పెదవులు! గుమ్మం పక్కన నిలబడి, చప్పుడు లేకుండా పెదవులు కదిపితే చాలు. హాలుకు నిశ్శబ్దం, ఇంటికి సంభాషణ. డైరెక్టర్‌కు నష్టం లేదు, తండ్రికి సరుకు ముట్టింది. పైసా పెట్టుబడి లేని ఇంత గొప్ప వ్యాపారం నీలం నగర్ చరిత్రలో ఎవరూ చేసి ఉండరని అతను ఈటె పట్టుకుని మురిసిపోయాడు.

హాలులో జనం పలచగా ఉన్నారు. పోటీ కాబట్టి మొదటి వరుసలో న్యాయనిర్ణేతలు కూర్చున్నారు. రెండో వరుసలో, సరిగ్గా వాళ్ల తలల వెనక, మల్లప్ప తన కుటుంబాన్ని కూర్చోబెట్టాడు.

తెర లేచింది. రాజు రాణితో ఏదో విరహం గురించి మెల్లగా చెబుతున్నాడు. వీరేష్ ఈటె బిగించి పట్టుకుని, నాయినమ్మ మొహం చూస్తూ పెదవులు విప్పాడు.

"మహారాజా, శత్రువులు కోట దాటిండ్రు."

నాయినమ్మ నిటారుగా లేచి కూర్చుంది. ద్రౌపది వైపు తిరిగి గుసగుసలాడింది. "కోట దాటిండ్రట!"

న్యాయనిర్ణేతల్లో ఒకాయన చేతిలోని కలం జారి కింద పడింది. మల్లప్ప ముందుకు వంగాడు. కొడుకు మూతినే చూస్తున్నాడు. వీరేష్‌కు ఊపొచ్చింది. సైన్యం వస్తోందన్నాడు, ఏనుగులున్నాయన్నాడు, ఫిరంగులన్నాడు. నాయినమ్మ ఒక్కొక్కటీ కోడలికి అందజేసింది. రాజు మాత్రం ఏనుగులనూ ఫిరంగులనూ పట్టించుకోకుండా రాణి జడలో పువ్వు పెడుతున్నాడు.

చిక్కేమిటంటే సరుకు త్వరగా అయిపోయింది. రాజ్యానికి రాగల ఆపదలన్నీ వచ్చేశాయి, నాటకం ఇంకా సగం ఉంది. కొట్టు తెరిచాక మూసేయడం తెలియని వ్యాపారిలా వీరేష్ పెదవులు కదుపుతూనే ఉన్నాడు. ఏమంటున్నాడో అతనికే తెలియదు. నాయినమ్మకు అర్థం కాలేదు. అర్థం కానప్పుడు ఆమె ఎప్పుడూ అడిగే ప్రశ్నే అడిగింది.

"ఏమన్న తిన్నవా బిడ్డా?"

అడిగితే జవాబు చెప్పకపోవడం ఆ ఇంట్లో పెంపకం కాదు. వీరేష్ పెదవులు నిజం చెప్పేశాయి. "లేదు నాయినమ్మా. చాయ్ మీదనే ఉన్న. నా భాకరీ ఉన్నదా?"

"యాడిది? ఋతుజ తిన్నది!"

హాలు గొల్లుమంది. ఋతుజ కుర్చీలో కిందికి జారి కనపడకుండా పోయింది. రాణి రాజు భుజంలో మొహం దాచుకుంది, నవ్వుకు ఆమె వీపు కదులుతోంది. రాజు వేషం వేసిన కుర్రాడు తెలివైనవాడు. నాటకాన్ని దారికి తేవాలని గుమ్మం వైపు తిరిగి గంభీరంగా అడిగాడు. "ద్వారపాలకా, బయట ఆ సందడి ఎవరిది?"

అదీ అవకాశం. అడక్కుండా, రిహార్సల్ లేకుండా, వీరేష్ కోసం ఒక మాట స్టేజీ మధ్యలో వచ్చి నిలబడింది. ఒక్కసారి నోరు తెరిచి అరిస్తే చాలు, బేరం గెలిచినట్టే. చాయ్ బండివాణ్ని మేడ ఎక్కించిన గొంతు అది.

వీరేష్ మహారాజు కళ్లలోకి చూసి, ఛాతీ విరిచి, అప్పటికే పడిపోయిన అలవాటులో చప్పుడు లేకుండా పెదవులు కదిపాడు.

హాలంతా ఎదురుచూసింది. రాజు ఎదురుచూశాడు. అప్పుడు రెండో వరుస నుంచి నాయినమ్మ జవాబు ఖంగున వచ్చింది.

"ఎవ్వరు లేరంటున్నడు మహారాజా!"

ఆ తర్వాత నాటకం సాగిందో లేదో వీరేష్‌కు గుర్తులేదు. చప్పట్లు మాత్రం గుర్తున్నాయి. అవి తనకు కావని కూడా గుర్తుంది.

మేకప్ గదిలో అక్షయ్ సర్ నెత్తి పట్టుకున్నాడు. "కాయ్ రే వీరేష్! నోరు తెరవని పాత్ర ఇస్తే, దాంట్ల గూడ డైలాగులు పెట్టుకున్నవా? అయి గూడ మీ ఇంటోళ్లతోని!"

"తప్పైంది సర్."

"వచ్చేసారి నువ్వు తెర తాడు గుంజు. తాడుకు మూతి లేదు."

పక్కన రాజు మొహం తుడుచుకుంటున్నాడు. వీరేష్ చూపు అతని చేతిలోని టవల్ మీద పడింది. తెల్ల టవల్, ఎర్ర అంచు, అంచులో పచ్చ చుక్కలు. ఆ అంచును అతను కళ్లు మూసుకుని వేళ్లతో గుర్తుపట్టగలడు.

"ఏడ తీసుకున్నవిది?"

"నాటకానికి ముంగట బయట ఒక కాకా అమ్మిండు. మస్తుంది. అవుతల టీమోళ్లు గూడ తీసుకున్నరు."

వీరేష్ మేకప్ మొహంతోనే బయటికి పరుగెత్తాడు. టెంపో పక్కన మల్లప్ప చేతులు కట్టుకుని, షెడ్డు తలుపులు ముందే తెరిచిపెట్టినవాడిలా నిలబడి ఉన్నాడు.

"నీకు మాటలు లేవు," అన్నాడు.

"నువ్వు మూట తెచ్చినవ్ బాపు. నాయినమ్మ కింద పెట్టి."

మల్లప్ప టెంపో చక్రంలో గాలి చూశాడు. వీరేష్ రెండో చక్రంలో చూశాడు. ఇద్దరు దివాలా తీసిన వ్యాపారులు ఒకరి మొహం ఒకరు చూసుకోలేక గాలి చూసుకున్నట్టుంది.

"అది మూట కాదురా, మెత్త," అన్నాడు చివరికి మల్లప్ప. "అడిగిండ్రు, ఇచ్చిన. అయినా నాది వేరే, నీది వేరే. మాట మాటే. రేపటి సంది షెడ్డు."

ఈటె వెండికాగితం ఊడి చేతికి అంటుకుంది. ఇంతలో ద్రౌపది చేయి పట్టుకుని నాయినమ్మ వచ్చింది. అక్కడ నడిచిన వాదన ఆమెకు వినపడలేదు, వినపడే అవకాశమూ లేదు. మనవడి గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇన్నేండ్ల సంది నాటకాలు చూస్తున్న. ఎవ్వడేమంటున్నడో ఒక్కటి తెల్వకపాయె. ఇయ్యాల వీడు చెప్పిందంత సమజైంది." ఆమె కొడుకు వైపు తిరిగింది. ఆమె మొహంలో నిజమైన అనుమానం ఉంది. "మల్లప్పా, ఇంతమంది ఉన్నరు గదా, మిగిలినోళ్లకు మాటలెందుకియ్యలేదురా?"

ఎవరూ నవ్వలేదు. ఋతుజ కూడా. మల్లప్ప భుజం మీది టవల్ తీసి మొహం తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు. తర్వాత కొడుకు వైపు చూసి, గొంతు రాకుండా, పెదవులతో అన్నాడు.

"పో రిహార్సల్‌కు. తాడే గుంజు. ఆమెను మాత్రం ముందు వరుసల కూసోవెట్టు."

గట్టిగా అంటే పరువు పోతుందని అలా అన్నాడు. ఆ ఇంట్లో పెదవుల మాటే ఎక్కువ వినపడుతుందన్న సంగతి మరిచిపోయాడు.

"బాపు ఓడిపోయిండు!" అని ఋతుజ అరిచింది. పార్కింగ్‌లో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు.

సంధ్యవేళకు టెంపో షోలాపూర్ దారి పట్టింది. వీరేష్ లెక్క వేసుకున్నాడు. బహుమతి రాలేదు. గుమ్మం పక్కన ఉద్యోగం పోయి తాడు దగ్గరికి బదిలీ అయింది. ఈటె వెండికాగితం ఊడింది. తన పాత్రలో దొరికిన ఒకే ఒక్క మాటను నాయినమ్మ చెప్పి చప్పట్లు పట్టుకుపోయింది. రాబడి కింద రాయడానికి సాయంత్రాలు మిగిలాయి. తండ్రి అమ్మకం మాత్రం బాగా జరిగిందట, ఆ మాట పెదవులతో కూడా చెప్పలేదు.

ఇందాపూర్ దగ్గర గుంతలో పడి టెంపో ఎగిరింది. అప్పటిదాకా చద్దర్ మీద నిద్రపోతున్న నాయినమ్మ టెంపో నేలకు దబ్బున తగిలి లేచి, చద్దర్ ఎత్తి కింద చూసింది.

"నా మెత్త ఏడవాయెరా?"

మెత్త లేదు. మూట తేనని అంత మాట ఇచ్చి, మళ్లీ నూలు కొని ఎక్కించడానికి తండ్రికి మొహం చెల్లలేదు కాబట్టి పెట్టెలూ లేవు. డబ్బా అంతా ఖాళీగా ఉంది. వీరేష్ కాళ్లు చాపాడు. దేనికీ తగల్లేదు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి మూట లేకుండా ప్రయాణిస్తున్నాడు. పూర్తిగా కాదు, తిరుగుదారి మాత్రమే. అతను కుదుర్చుకున్న బేరాల్లో సగమైనా చేతికి వచ్చింది ఇదొక్కటే.