పుల్లారావు గారి తోకచుక్క

రొంపిచెర్ల ప్రెసిడెంటు పుల్లారావుకి ఆకాశం మీద ప్రేమ పుట్టిందనుకునేరు, అదేం కాదు. పక్కూరి ప్రెసిడెంటు కలర్ టీవీ కొన్నాడు. దాన్ని తలదన్నేది ఏదో ఒకటి తన వాకిట్లో ఉండాలి, అంతే. హేలీ తోకచుక్క రాబోతోందని పేపర్లు ఊదరగొడుతున్న రోజులవి. నరసరావుపేటలో లేతు షెడ్డు నడిపే మౌలాలీని పిలిపించి, పెద్ద టెలిస్కోపు చేసిపెట్టమన్నాడు.

మౌలాలీకి మాత్రం నిజంగానే పిచ్చి పట్టింది. పన్నెండంగుళాల గాజుబిళ్లని ఎమిరీ పొడి వేసి పది నెలలపాటు చేత్తోనే నూరాడు. దాని మీద వెండి పూత పెట్టించి, రేకు చుట్టి చేసిన గొట్టం అడుగున బిగించాడు. అతనికి కావలసింది ఒక్కటే, తను నూరిన అద్దంలో ఆ చుక్కని ఒక్కసారి చూడాలి. మళ్లీ అది వచ్చేది డెబ్బయ్యారేళ్లకట. అతనికప్పటికే నలభై దాటాయి.

ఎనభై ఆరు జనవరిలో ఒక సాయంత్రం ఊరంతా ప్రెసిడెంటు వాకిట్లో పోగైంది. కొత్త మిషనుకి పూజ చేయకుండా ఎవరు వాడతారు? మౌలాలీ లేతుకి కూడా ఏటా దసరాకి పక్కషాపు వాళ్లు బొట్టు పెడతారు. గొట్టానికి పెట్టుకుంటారులే అనుకుని అతను టీ తాగడానికి వెళ్లాడు. బుద్ధితక్కువ పని!

"దీని మొహం ఎటుందండీ?" అని అడిగింది ప్రెసిడెంటు భార్య అలివేలమ్మ. సర్వం తెలిసిన పుల్లారావు బోల్టులు విప్పించి అద్దం బయటికి తీయించాడు. ఆ మహాతల్లి అద్దం నిండా పసుపు పూసి, నడుమ రూపాయంత కుంకుమబొట్టు పెట్టి, కొబ్బరినీళ్లు చిలకరించింది. మౌలాలీ వచ్చేసరికి దాన్ని తిరిగి బిగిస్తున్నారు.

"అయ్యో అక్కా, ఏంది ఈ పని? దాని మీద వేలు గూడా పెట్టగూడదు!"

"పసుపు కుంకాలు పెడితే అట్టా అరుస్తావేందయ్యా?"

"ఒక్క గంట ఆగండి ప్రెసిడెంటు గారూ, కడిగి తెస్తా."

"గంటలో చుక్క మునిగిపోద్దని నువ్వే అంటివిగా! ఇంతమందిలో నా పరువు తీస్తావా? పక్కన నిలబడు."

పుల్లారావు స్టూలెక్కి కన్ను పెట్టాడు. లోపల పసుపు మసక తప్ప ఏముంటుంది? కానీ ప్రెసిడెంటుకి కనపడకపోవడమా!

"అబ్బో! తోక బారెడుంది!" అన్నాడు.

ఇక కనపడలేదని చెప్పే మొనగాడెవడు? ఒకడు తోకలో నిప్పురవ్వలు చూశాడు. ఇంకొకడు రంగులు లెక్కపెట్టాడు. సిగ్గులేని జనం! మౌలాలీ వంతు వచ్చింది. చూశాడు.

"ఏమీ కనపడట్లా," అన్నాడు.

"నీకు చత్వారం వచ్చిందిలేవయ్యా, దిగు!" అని అందరూ నవ్వారు.

మౌలాలీ దిగి, స్పానరు తీసుకుని గొట్టం వెనక్కి వెళ్లాడు. బోల్టులు విప్పి, అద్దాన్ని తువ్వాలులో చుట్టుకుని బోరింగు దగ్గరికి నడిచాడు. స్టూలు చుట్టూ తోసుకుంటున్న వాళ్లెవరూ తిరిగి చూడలేదు. మెల్లగా నీళ్లు పోసి, చేతివేళ్లతో తుడిచాడు. పసుపు పోయింది. పసుపుతోపాటు వెండీ పోయింది. పడమట ఉన్న చుక్క కూడా దిగిపోయింది. ఉత్త గాజుబిళ్లని ఒళ్లో పెట్టుకుని అక్కడే కూలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

వాకిట్లో అలివేలమ్మ రెండోసారి స్టూలెక్కింది.

"ఏవండీ, ఇందాకటికంటే ఇప్పుడు ఇంకా బాగా కనపడతంది!" అంది.