రెండో ట్రిప్పు

సీతాఫలాల గంపలు మూడు నడవలోనే పెట్టేశారు. కౌసల్య చీర కుచ్చిళ్లు కాస్త పైకి పట్టుకుని వాటిని ఒక్కొక్కటే దాటుతూ వెనక సీట్ల దాకా వెళ్లింది. ఆధార్ కార్డు చూడడం, మిషన్ మీద బొటనవేలు నొక్కడం, ఉచిత ప్రయాణపు జీరో టికెట్ చింపి చేతిలో పెట్టడం, ముందుకు జరగమని కేకేయడం. నాగర్‌కర్నూల్ దాటి పాలెం వచ్చేలోపల నలభై మంది ఆడవాళ్లకు ఈ నాలుగు పనులూ చేసింది. తెల్లవారుజామున ఎక్కిన డ్యూటీలో, జనం పాలమూరు అనే మహబూబ్‌నగర్‌కు ఇది రెండో ట్రిప్పు.

ఆమెకు యాభై రెండేళ్లు. పొట్టి మనిషి. చీర మీద వెలిసిపోయిన ఖాకీ కోటు. పదహారేళ్లుగా సీటు అంచుకు ఆనుకుని నిలబడి టికెట్లు కొట్టడం వల్ల కుడి తుంటి మీద కాయ కాసింది. కదిలే బస్సులో ఏ కమ్మీ పట్టుకోకుండా నిలబడగలదు, నేల మీద మాత్రం కొంచెం ఊగుతూ నడుస్తుంది. గొంతు పెద్దది. ఆ రోడ్డు మీద ఆమెను ఎరగని వాళ్లు తక్కువ, ఎరిగిన వాళ్లలో ఆమె చేత తిట్లు తినని వాళ్లు ఇంకా తక్కువ.

ఎడమ వైపు సీట్లో కూర్చున్న ఒక మనిషి దగ్గరికి వచ్చేసరికి ఆ గొంతు తగ్గింది. అతను ఆమె భర్త శ్రీశైలం. అరవై రెండేళ్లు. కాలిపోయిన బోరు మోటార్లను విప్పి కొత్త రాగి తీగ చుట్టి వార్నీషు పూసే పని అతనిది. కుటుంబానికిచ్చే బస్ పాసు జేబులోంచి తీసి పరాయివాడిలా చూపించాడు. మామూలుగా అయితే ఆమె నవ్వేది. అతని ఒళ్లో ఆస్పత్రి ఫైలు ఉంది. అందులోకి చేరాల్సిన కాగితం ఒకటి ఈరోజు చేతికొస్తుంది. ఆ కాగితంలో క్యాన్సర్ అని ఉంటుందా, ఉండదా అన్నదే పది రోజులుగా వాళ్లింట్లో ఇద్దరూ పైకి అనని మాట.

పొద్దున్నే మొదటి బస్సుకు తానొక్కడే వెళ్లొస్తానని అతను అన్నాడు. ఆమె వద్దంది. డాక్టరు పన్నెండుకు గాని చూడడు, రెండో ట్రిప్పులో నాతోనే రా, అక్కడ భోజనానికి గంటకు పైనే టైముంటుంది, కాగితం ఇద్దరం కలిసే తీసుకుందాం అంది. సెలవు పెట్టొచ్చు కదా అని డిపోలో అందరూ అన్నారు. ఇంట్లో గోడలు చూస్తూ కూర్చుంటే పిచ్చెక్కుతుందని ఆమెకు తెలుసు. అతన్ని ఒంటరిగా పంపితే కాగితం ఎక్కడ దాచేస్తాడోనన్న భయం కూడా ఉంది. దాచిన మనిషే మరి. రెండేళ్లు తన బాధను దాచాడు.

మూత్రం ఆపుకోవడం అంటే ఏమిటో కౌసల్యకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో దారిలో ఎక్కడా ఆడమనిషి దిగి వెళ్లే చోటు ఉండేది కాదు. డ్యూటీ దిగేదాకా గుక్కెడు నీళ్లు ముట్టకుండా నాలుగేళ్లు నెట్టుకొచ్చి, చివరికి చలిజ్వరంతో వణుకుతూ దవాఖానలో పడింది. ఇన్ఫెక్షన్ కిడ్నీ దాకా పాకిందన్నారు. అప్పుడు పక్కన కూర్చుని గంటకో గ్లాసు చొప్పున నీళ్లు తాగించింది ఈ శ్రీశైలమే. మంచం దిగాక ఆమె సిగ్గును అక్కడే వదిలేసింది. ఏ పెట్రోలు బంకులో గది శుభ్రంగా ఉంటుందో, ఏ బడిలో ఆయమ్మ తాళం ఇస్తుందో, ఎవరి వాకిట్లో నిలబడి అడగవచ్చో అన్నీ తెలుసుకుంది.

ప్రయాణికుల ముఖాలు చదవడం కూడా అప్పుడే వచ్చింది. కాలివేళ్లు ముడుచుకుని, కిటికీ బయట చెట్ల కోసం వెతికే పెద్దమనిషి కనబడితే చాలు, ఆయన నోరు తెరవకముందే బెల్లు కొట్టేది. వెనక టైరులో ఏదో చప్పుడవుతోంది, కాస్త చూడన్నా అని డ్రైవర్ లింగస్వామికి చెప్పేది. లింగస్వామి దిగి, ఏ రోగమూ లేని టైరును తీరిగ్గా రెండు తన్నులు తన్నేవాడు. ఆ లోపల అవసరమైన వాళ్లు తుమ్మచెట్ల వెనక్కి పోయి వచ్చేవారు. ఎవరి పరువూ పోయేది కాదు. ఈ సంగతి ఇంట్లో చెప్పి ఆమె నవ్వితే శ్రీశైలం ఆమె కంటే ఎక్కువ నవ్వేవాడు.

అంతటి కళ్లకు సొంత మనిషి దొరకడానికి రెండేళ్లు పట్టింది. పొద్దంతా ఆమె రోడ్డు మీద, అతను షాపులో. పోయిన వేసవిలో తెలకపల్లిలో ఒక పెళ్లికి వెళ్లినప్పుడు అతను పందిట్లో అన్నిటికంటే చివరి కుర్చీ, గోడ పక్కది, ఏరుకుని కూర్చున్నాడు. మజ్జిగ ఇస్తే వద్దన్నాడు. ఎండ నిప్పులు చెరుగుతుంటే మజ్జిగ వద్దన్న మనిషిని చూడగానే ఆమెకు నీళ్లు ముట్టని తన నాలుగేళ్లు గుర్తొచ్చాయి. ఇంటికొచ్చి నిలదీస్తే మొదట షుగర్ అన్నాడు, తర్వాత వయసన్నాడు, చివరికి షాపు వెనక గోడ దగ్గర పావుగంట నిలబడ్డా ధార రావడం లేదని తల దించుకుని చెప్పాడు. ఊళ్లో సగం బోర్లకు నీళ్లెక్కించిన మనిషి నోట ఆ మాట వినేసరికి ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

ఆ తర్వాత పరీక్షలు. రక్తంలో పీఎస్ఏ అనే ఒక అంకె ఉండాల్సిన దానికంటే బాగా ఎక్కువ వచ్చింది. మళ్లీ చేయించారు, మళ్లీ అంతే. ప్రొస్టేటు గ్రంథి నుంచి సూదితో పన్నెండు చిన్న ముక్కలు తీసి హైదరాబాదు పంపారు. ఆ రోజు అతను కౌసల్యను గది బయటే ఉండమన్నాడు. మూడు రోజులు మూత్రంలో రక్తం పడింది. ఆ లుంగీలను ఆమె అతను లేవకముందే ఉతికి ఆరేసింది. ఈ పది రోజుల్లో అతను షాపులో ఏ లోపమూ లేని మోటారు ఒకటి విప్పి, తీగంతా లాగేసి, మళ్లీ మొదటి నుంచి చుట్టాడు. జడ్చర్లలో మందుల కంపెనీలో పనిచేసే కూతురు మనస్వినికి ఇద్దరూ ఒక్క ముక్క చెప్పలేదు.

బిజినేపల్లి దాటి కొంత దూరం వచ్చాక కౌసల్య అతని పాదాలు చూసింది. చెప్పుల్లో వేళ్లు ముడుచుకుని ఉన్నాయి. మెడ మీద నరం ఉబ్బింది. ఫైలును రెండు చేతులా పొట్టకు అదుముకున్నాడు. ఆమె చేయి దానంతటదే బెల్లు తాడు మీదికి పోయింది. అతను చూశాడు, చూసి తల అడ్డంగా ఊపాడు. టైరు సంగతి తెలిసిన ప్రయాణికుడు ఆ బస్సులో అతనొక్కడే. లింగస్వామి దిగి టైరును తన్నితే అది తన మీద జాలితోనేనని అతనికి తెలిసిపోతుంది. ఇన్నేళ్లూ ఊరందరి పరువూ కాపాడిన అబద్ధం సొంత మొగుడి దగ్గర పనికిరాకుండా పోయింది.

తాడు వదిలేసింది. ఆమెకు కోపం వచ్చింది. బండి ఆపమని ఒక్క మాట అడగలేని మనిషి, కాగితంలో ఏదైనా ఉంటే దాన్నీ ఇలాగే పంటి బిగువున దాచుకుంటాడు, నాకు తెలిసేసరికి అంతా అయిపోతుంది అనుకుంది. ఆ ఆలోచనకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అటు తిరిగి, ఇందాక టికెట్ ఇచ్చిన అమ్మాయినే టికెట్ తీసుకున్నావా అని మళ్లీ అడిగింది.

అప్పుడు శ్రీశైలం లేచాడు. గంపలు దాటుకుంటూ, మధ్యలో రెండుసార్లు కమ్మీ పట్టుకుని ఆగి, డ్రైవర్ సీటు వెనక్కి చేరాడు.

"లింగస్వామీ, బండి జర ఆపు. నాకు ఒంటికి పోవాలె. ఆపుకోనీకి అయితలేదు. ప్రొస్టేటు బీమారి నాకు."

ఇంజను మోతలో వినబడాలని గొంతు పెంచాడు కాబట్టి అది ఆఖరి సీటు దాకా వినబడింది. గంతేనా బావ అంటూ లింగస్వామి బండి పక్కకు తీశాడు. శ్రీశైలం దిగాడు. అతని వెనకే పోచయ్య అనే తలపాగా ముసలాయన దిగాడు. ఆ వెనక ఇంకో ఇద్దరు. సీతాఫలాల గంపలు ఎక్కించిన సుక్కమ్మ వాళ్లందరినీ చూసి, ఇంతమందికి అవసరముండి ఒక్కడికేనా నోరున్నది అని దెప్పిపొడిచింది. ఆ వెంటనే మరి ఆడవాళ్ల సంగతేమిటని కౌసల్యను నిలదీసింది. భూత్పూర్ బంకు దగ్గర కూడా ఆపిస్తానని కౌసల్య మాటిచ్చింది.

మిగతావాళ్లు తిరిగొచ్చాక కూడా శ్రీశైలమూ పోచయ్యా రాలేదు. కౌసల్య మెట్టు మీద నిలబడి చూసింది. ఇద్దరూ గట్టు మీద మాట్లాడుకుంటున్నారు. పోచయ్యకూ ఏడాదిగా ఇదే బాధట, ముసలితనమని ఊరుకున్నాడట. ఎక్కడికి పోవాలి, ఏం అడుగుతారు, ఎక్కడ కోస్తారు అని ఆయన ఒకటొకటే అడుగుతుంటే శ్రీశైలం అన్నీ విడమర్చి చెబుతున్నాడు. ముందు రక్తం ఒక్కటే తీస్తారు, అదీ ఇక్కడేనని మోచేతి మడత చూపించాడు. ఈ పది రోజుల్లో పెళ్లాంతో మాట్లాడిందంతా కలిపినా అన్ని మాటలు ఉండవు. కౌసల్య బెల్లు కొట్టలేదు. పోచయ్య మహబూబ్‌నగర్‌లో దిగి వాళ్లతో పాటే ఆస్పత్రికి నడిచాడు.

ఆస్పత్రిలో కవరు ఇవ్వగానే శ్రీశైలం దాన్ని విప్పకుండా కౌసల్య చేతిలో పెట్టాడు. డాక్టరు చిన్నవాడే, నిదానంగా మాట్లాడాడు. పన్నెండు ముక్కల్లో రెండింట్లో క్యాన్సర్ ఉంది అన్నాడు. ఆ మాట తర్వాత కాసేపు కౌసల్యకు అతని పెదవులు కదలడం తప్ప ఏమీ తెలియలేదు. మెల్లగా మళ్లీ వినబడడం మొదలైంది. ఇది నెమ్మదిగా పెరిగే రకం. గ్రంథి దాటి బయటికి పోకపోతే వైద్యంతో పూర్తిగా నయమవుతుంది. దాటిందా లేదా అన్నది స్కాన్ తీస్తే తెలుస్తుంది. స్కాన్‌కు వారం ఆగాలి, ఎవరైనా రాకపోతే ముందే ఫోన్ చేస్తారు.

శ్రీశైలం ఒకే ఒక్కటి అడిగాడు.

"రెండేండ్లు ఎవ్వలికి చెప్పకుండ ఉన్న సారు. అందుకే గింత దాక వచ్చిందా?"

అది ఎవరూ చెప్పలేరు, ఇప్పుడు వచ్చారు కదా అన్నాడు డాక్టరు. కౌసల్య భర్త మోకాలి మీద చేయి వేసింది. పరాయి మనిషి ముందు ఆమె అలా చేయడం ముప్పై ఏళ్ల కాపురంలో అదే మొదటిసారి.

బస్టాండులో బెంచీ మీద కూర్చుని డబ్బా విప్పారు. జొన్నరొట్టెలు, చిక్కుడుకాయ కూర. అతను రెండో రొట్టె కూడా తిన్నాడు. ఒంటిగంట బస్సుకు జనం ఎగబడుతుంటే అతనూ అందరిలాగే భుజం మీది నీలి గళ్ల రుమాలు తీసి, కిటికీలోంచి సీటు మీద పడేసి జాగా ఆపుకున్నాడు. అప్పుడే ఫోన్ మోగింది. స్కాన్‌కు రావాల్సిన వాళ్లెవరో రాలేదు, వెంటనే వస్తే ఈరోజే తీస్తామన్నారు.

"నువ్వు బండెక్కు. నేనొక్కన్నే పోత" అన్నాడు.

పొద్దున అయితే ఆమె ససేమిరా ఒప్పుకునేది కాదు. లింగస్వామి అప్పటికే ఇంజను స్టార్టు చేశాడు.

"ఏం చెప్పినా దాయకు" అంది.

"బస్సంత ఇనేటట్టు చెప్పినోన్ని, నీకు దాస్తనా?"

ఫైలు చంకలో పెట్టుకుని గేటు వైపు వెళ్లిపోయాడు. వీపు కొంచెం వంగింది గాని నడక చురుగ్గానే ఉంది. అతను రోడ్డు దాటేదాకా చూసి ఆమె బెల్లు కొట్టింది.

బస్సు కదిలాక గాని ఆమెకు ఆ రుమాలు కనబడలేదు. అతను దాన్ని అక్కడే మరిచిపోయాడు. రుమాలుకు టికెట్ కొట్టమంటారా అంటూ పదహారేళ్లలో ఆమె ఎన్ని వందల రుమాళ్లు ఎత్తి అవతల పడేసిందో లెక్కలేదు. మనిషి ఉంటేనే సీటు, అది ఆమె చట్టం. భూత్పూర్‌లో ఎక్కిన ఒకాయన అది ఖాళీయే కదా అని అటు జరిగాడు. "మనిషి ఉన్నడు" అంది కౌసల్య. ఏడీ అని అడగబోయి, ఆమె ముఖం చూసి ఆయన కమ్మీ పట్టుకున్నాడు. ఆ దారంతా ఆమె టికెట్లు కొడుతూనే ఉంది. గ్రంథి దాటి బయటికి పోయి ఉంటే అన్న మాట ఒక్కటే ఆమె తలలో తిరుగుతూ ఉంది.

పాలెం దగ్గర ఫోన్ వచ్చింది. ఒక చెవి అరచేత్తో మూసుకుని విన్నది.

"బయటికి పోలేదట. డాక్టరు బొమ్మ సూసి చెప్పిండు. లోపల్నే ఉందట, తీసేస్తె అయిపోతదట. పోచయ్య గూడ పరీక్షకు నెత్తురిచ్చిండు. ఇంటున్నవా, కౌసల్య?"

కండక్టర్ సీట్లో కూలబడి, మిషన్ ఒళ్లో పెట్టుకుని, అంతమంది ముందు వెక్కి వెక్కి ఏడ్చింది. సంతోషంతో ఏడుస్తున్నానని ఆమెకు తెలుస్తూనే ఉంది, అయినా ఏడుపు ఆగలేదు. దిగాల్సిన వాళ్లు బెల్లు వాళ్లే కొట్టుకున్నారు. లింగస్వామి అద్దంలో చూసి బండి నెమ్మది చేశాడు. ఇంకా ఆపరేషనుంది, హైదరాబాదు తిరగడముంది, మనస్వినికి చెప్పడముంది. అవన్నీ చేయగల పనులే అనిపించింది.

ఇదే బండి మళ్లీ పాలమూరు వస్తుంది కదా, అందులోనే వస్తానని అతను ఫోన్‌లో చెప్పాడు. నాగర్‌కర్నూల్‌లో డ్యూటీ మారింది. కౌసల్య దగ్గరే పని నేర్చుకున్న మంజులత ఎక్కి, జనాన్ని సర్దుతూ ఆ రుమాలు మీద చేయి వేసింది.

"అది తియ్యకు" అంది కౌసల్య.

"రుమాలుకు సీటేందక్కా? నువ్వే గద గిట్ల చెయ్యొద్దని నేర్పింది."

"గియ్యాల ఒక్కనాడు ఉండనీ. పాలమూరుల మా ఆయన ఎక్కుతడు."

మంజులత ఆమె ఉబ్బిన కళ్లు చూసి బెల్లు కొట్టింది. నిలబడేందుకు కూడా చోటు లేకుండా నిండిన ఆ బస్సులో, కిటికీ పక్క సీటు ఒక్కటి ఖాళీగా కదిలిపోయింది. దాని మీద, వార్నీషు మరకలతో, ఒక అంచు కిటికీ బయటికి వేలాడుతూ, నీలి గళ్ల రుమాలు.