బావ నట్టు తీసేశాడు

మా బావా నేనూ మాట్లాడుకోవడం మానేసి నెల దాటింది. మేం బాగుచేసి బిగించిన ప్రొపెల్లర్‌తో నీళ్ళలోకి దిగిన బోటు ఒకటి మలేరియా వచ్చినట్టు వణుకుతూ తిరిగొచ్చింది. వంగిన రెక్కల్ని కాల్చి, సుత్తితో కొట్టి సరిచేసింది బావ. అంచులు అరగదీసింది నేను. వంపు తప్పిందని నేనన్నాను. ఒక రెక్క అతిగా అరిగిందని ఆయనన్నాడు. ఆ తర్వాత ఎవరు ముందు నోరు తెరిస్తే తప్పు వాళ్ళదేనని, ఎవరూ అనకుండానే ఖాయమైపోయింది.

చిక్కేమిటంటే మాది ఇద్దరు కలిసి చెయ్యాల్సిన పని. మధ్యలో నలిగింది అక్క.

ఆ రోజు ఒడ్డున దిమ్మల మీద నిలబెట్టిన చేపల బోటు కింద చేరాం. కంచు ప్రొపెల్లర్ ఏళ్ళ తరబడి షాఫ్ట్‌ని కరచిపట్టుకుని ఉంది. దాన్ని ఊడలాగడానికి పుల్లర్ తగిలించాం. కుడి బోల్టు నాది, ఎడమ బోల్టు ఆయనది. రెండూ సమానంగా బిగిస్తేనే పట్టు వదులుతుంది.

“పావు చుట్టు చాలని మీ తమ్ముడికి చెప్పవే.”

“పావే తిప్పానని మీ ఆయనకి చెప్పక్కా.”

అక్క గ్యాస్ మంటతో ప్రొపెల్లర్ మధ్య గుండుని వేడిచేస్తోంది. “నా నోరేమైనా అద్దెకిచ్చానా? ముఖాలు జానెడు దూరంలో పెట్టుకుని మధ్యలో నేనెందుకు? ఆ ప్రొపెల్లర్‌కే చెప్పుకోండి, విని చస్తుంది.”

బావ దాన్ని అనుమతిగా తీసుకున్నాడు. “ప్రొపెల్లరమ్మా, నిన్ను గీకి గీకి అప్పడం చేసే మనిషొకడు ఇక్కడే ఉన్నాడు. భద్రం తల్లీ.”

“ప్రొపెల్లరమ్మా, నిన్ను డోలు అనుకుని బాదేవాడు కూడా ఉన్నాడు,” అన్నాను నేను.

ఇంతలో మంట కొడిగట్టింది. అక్క కొత్త సిలిండర్ కోసం వెళ్ళింది. నేను పెద్ద సుత్తి కోసం షెడ్డులోకి వెళ్ళాను. అది ఎక్కడుందో వెతికి పట్టుకునేసరికి చాలాసేపే పట్టింది.

ఈ పనిలో ఒక నియమం ఉంది. ప్రొపెల్లర్ వెనక ఉండే నట్టుని నాలుగు చుట్లు వదులు చేస్తాం గాని, పూర్తిగా తియ్యం. పట్టు వదిలిన క్షణంలో ప్రొపెల్లర్ ఫిరంగి గుండులా దూకుతుంది. దాన్ని ఆపేది ఆ నట్టే.

తిరిగొచ్చి చూస్తే నట్టు పనిముట్ల పెట్టె మీద ఉంది. గుడ్డతో తుడిచి, నాకు కనపడేలా నిలబెట్టి ఉంది. బావ సరిగ్గా ప్రొపెల్లర్‌కి ఎదురుగా ఇసుకలో గొంతుక్కూర్చుని, నాకు వీపు పెట్టి, బీడీ వెలిగించుకుంటున్నాడు.

పుల్లర్ విప్పాలి, నట్టు తియ్యాలి, మళ్ళీ పుల్లర్ బిగించాలి. మరిచిపోయి చేసే పని కాదది. ఇది నన్ను ముందు మాట్లాడించడానికి వేసిన వల అని నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకీ తెలుసు. ఆయన మెడ వెనక భాగం నవ్వు ఆపుకుంటూ అదురుతోంది. ఆ మెడ మీద నాకు ఎంత కోపం వచ్చిందంటే, ప్రొపెల్లర్ దూకితే బాగుణ్ణని ఒక్క క్షణం అనుకున్నాను. అనుకున్నందుకు వెంటనే సిగ్గేసింది.

దగ్గాను. సుత్తి కింద పడేశాను. మెడ తిరగలేదు.

“ప్రొపెల్లరమ్మా, నీ నట్టు ఊడింది. నువ్వు గెంతితే ఎవరి ముక్కు పగులుతుందో!”

“అమ్మా, ముక్కు నాది, భయం వాడిది,” అన్నాడు బావ తీరిగ్గా. “ఇన్నేళ్ళూ కదలనిదానివి, ఇవాళే కదులుతావా?”

లోపలెక్కడో సన్నగా టిక్కుమంది.

“బావా! లే, పక్కకి రా!”

అరిచింది నేనేనని నాకే ఆలస్యంగా తెలిసింది. బావ చేతులు రెండూ పైకెత్తి, పెళ్ళికొడుకులా వెలిగిపోతూ ఇటు గెంతాడు. “మాట్లాడాడే! ఒసేవ్, నీ తమ్ముడు మాట్లాడా…”

ధనామంది. పుల్లర్‌తో సహా ప్రొపెల్లర్ ఎగిరి, ఆయన కూర్చున్న చోటే ఇసుకలో దిగబడింది. బీడీ దాని కిందే పోయింది.

బావ చేతులు ఇంకా పైనే ఉన్నాయి. కాళ్ళు మాత్రం మెల్లగా మడతపడ్డాయి. ఉన్నచోటే చతికిలబడ్డాడు.

చప్పుడు విని అక్క పరుగెత్తుకొచ్చింది. పెట్టె మీది నట్టుని చూసింది, ఇసుకని చూసింది, మొగుణ్ణి చూసింది. ఆవిడకి ఎవరూ ఏమీ చెప్పాల్సిన అవసరం రాలేదు.

“ముందు మాట్లాడింది వాడే,” అన్నాడు బావ. గొంతు దోమ గొంతంత ఉంది. “గెలిచింది నేను.”

“అలాగా? గెలిచినవారు లేచి నిలబడండి, చూద్దాం.”

ప్రయత్నించాడు. మోకాళ్ళు ఒప్పుకోలేదు. ఓడిపోవడం ఇంత తేలిగ్గా ఉంటుందని నేను ఊహించలేదు. నెల రోజులుగా దేన్ని మోశానో దాన్ని ఎవరో దించినట్టుంది. ఆ తేలికలోంచే కొంటెతనం పుట్టుకొచ్చింది.

“మీ తమ్ముణ్ణి కాస్త చెయ్యిమ్మనవే,” అన్నాడాయన.

అక్క పెదవులు బిగించి, అయిపోయిన సిలిండర్ మూత తిప్పడంలో మునిగిపోయింది.

బావ ఆమె వైపు చూశాడు, నా బూట్ల వైపు చూశాడు, ఎటూ చూడలేక కళ్ళు మూసుకున్నాడు.

“చెయ్యివ్వరా.”

“ఎవరితో మాట్లాడుతున్నావ్?” అన్నాను.

“నీతోనేరా! నీతోనే, దరిద్రుడా!”