కొలతకు పెట్టిన అంగి

రెజిమెంటల్ బజార్ సందులో ఊర్మిళ దగ్గర ఒకసారి జాకెట్టు కుట్టించుకున్నవాళ్లు మరో దుకాణం గడప తొక్కరు. మనిషి లోపలికి వస్తుండగానే ఏ భుజం జారిందో, ఏ చెయ్యి లావో ఆమె కన్ను పట్టేస్తుంది. ఇప్పుడా కన్నే ఆమె కొంప ముంచేలా ఉంది.

ఫోనులో ఊర్మిళ పేరు సింధూర. డిగ్రీ కాలేజీలో లెక్చరర్. ముఖం ఉండాల్సిన చోట మందారపువ్వు. మొగుడు పోయాక ఆమెతో మాట్లాడేవాళ్లంతా చంకల దగ్గర బిగుతైందనో, పెళ్లి దాటిపోయినా బట్టలివ్వలేదనో మాట్లాడేవాళ్లే. పాత పాటల గ్రూపులో పరిచయమైన సత్యదేవ్ మాత్రం, "కళ్ల నొప్పి తగ్గిందా? ఇవాళైనా వేళకు తిన్నారా?" అని అడిగేవాడు. బ్యాంకు మేనేజర్‌నని ముందు అతనే చెప్పుకున్నాడు. మిషను తొక్కే ఆడదాని కళ్లతో మేనేజరుకేం పనని ఊర్మిళ లెక్చరరైంది. ఈ సంగతి, ఆమె దగ్గర హుక్కులు కుట్టే రోసమ్మకొక్కదానికే తెలుసు.

ఆ మధ్యాహ్నం సత్యదేవ్ ఇంకో ఫోటో పంపాడు. చూడగానే మిషను మీద ఊర్మిళ కాలు ఆగిపోయింది.

"ఏందక్కా, దారం తెగిందా?" అంది రోసమ్మ.

"ఇగో, గిది పాత ఫోటో. గిది ఇప్పుడొచ్చింది. ఒక్క మనిషేనా?"

"నల్లద్దాలు అవ్వే, మీసం అదే. ఒక్కడే గదా!"

"మొగం సంగతి నాకెర్క లేదు. భుజాలు చూడు. పాతదాంట్ల గీయనకు ఎడమ దిక్కు జారింది, మెడ పొట్టి. కొత్తదాంట్ల గీయనకు రెండు సమానమున్నయి. ఇద్దరు మనుషులే. ఎవలెవలియో తెచ్చి పెట్టిండు."

"మరి గట్లనే అడుగు."

"లెక్చరమ్మకు భుజాల సంగతి ఎట్ల తెల్సింది అంటే?"

రోసమ్మ సూది పక్కన పెట్టి మరీ నవ్వింది. "ఆయన దొంగ మేనేజరు, నువ్వు దొంగ లెక్చరమ్మవు. జోడీ మంచిగనే కుదిరింది! ఇడ్సిపెట్టక్కా, బ్లాక్ చెయ్యి."

ఊర్మిళకు చెయ్యి రాలేదు. ఫోటోలు అబద్ధమే. మరి కళ్ల నొప్పి తగ్గిందా అని అడిగిందీ అబద్ధమేనా? ఇన్నాళ్లలో పైసా అడగలేదు, పాడుమాట ఒకటి అనలేదు. ఇంకో ఫోటో పంపమని పట్టుబట్టింది తనే. అడక్కపోతే రెండో అబద్ధం ఆడేవాడే కాదేమో. నిజం అడగాలంటే నిజం చెప్పాలి. చెబితే, తిన్నావా అని అడిగే ఆ ఒక్క మనిషీ పోవచ్చు.

చివరికి రాసింది: "మీరు పంపిన ఫోటోల్లో ఉన్నది ఒక మనిషి కాదు. భుజాలు కలవలేదు. నేను లెక్చరర్‌ని కాను. జాకెట్లు కుడతాను. నా పేరు ఊర్మిళ." పంపేసి ఫోనును గుడ్డముక్కల కింద దాచింది.

ఆ రోజు జవాబు రాలేదు. మర్నాడూ లేదు. "పీడ పోయిందనుకో," అంది రోసమ్మ. ఈసారి నవ్వలేదు. ఊర్మిళ ఎవరి జాకెట్టుకో చేతులు తిరగేసి కుట్టి, మళ్లీ విప్పుకుంది.

ఆ తర్వాత ఒక ఫోటో వచ్చింది. మనిషి లేడు. మంచం మీద పరిచిన గళ్ల చొక్కా. కింద, ఎప్పుడూ రాసే పుస్తకాల తెలుగు కాకుండా, నోటి మాటే ఉంది: "అన్ని అబద్ధాలే చెప్పిన. మొగం చూపియ్యనీకి ఇంక ధైర్యం సాల్తలేదు. మీరు బట్టలు కుడ్తనన్నరు గదా. గిది నా అంగి. కొలతకు పెట్టిన."

ఊర్మిళ ఫోటోను పెద్దది చేసింది. కుడిభుజం మీద గుడ్డ అరిగి జల్లెడైంది. లోపల వేసిన అతుకు కూడా అరిగింది.

"ఏమున్నదక్కా అండ్ల?"

"మూటలు మోసేటాయన. బోయిన్‌పల్లి మార్కెట్లనో, స్టేషన్లనో. మోసి మోసి కుడిభుజం కిందికి దిగుంటది. కుట్టినోడు రెండు భుజాలు సమానం కుట్టి అంగి ఖరాబు చేసిండు."

ఆమె టైపు చేయడం షురూ చేసింది: "ఫోటో చూస్తే కొలత తెలవదు. అంగి పట్టుకొని రెజిమెంటల్ బజార్ల నా దుకాణానికి రాండ్రి."

"అయినా నువ్వు మొగోళ్ల అంగి ఎన్నడు కుట్టినవక్కా?" అంది రోసమ్మ.

ఊర్మిళ వేలు ఆగింది. తర్వాత ఇంకో ముక్క చేర్చింది: "మొగోళ్ల అంగి నేను ఎన్నడు కుట్టలేదు. అది సుత ముందే చెప్తున్న."